సాంచాల వైపు గోడ

మా తాత కల్లు గీసేవాడు. నేను ప్లాన్లు గీస్తాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా మా ఇంట్లో గీతే తిండి పెడుతోంది కాబట్టి వృత్తి మారిందని గట్టిగా చెప్పుకోలేను. తేడా ఒక్కటే. తాత గీసినదానికోసం జనం పొద్దున్నే వచ్చి తాటిచెట్టు కింద నిలబడేవారు. నేను గీసినదానికోసం ఎవరూ నిలబడరు. అందులో కూర్చోబోయేవాళ్ళనైతే ఎలా కావాలని అడిగినవాళ్ళు కూడా లేరు. వాళ్ళకింకా మీసాలు రాలేదు, ఓట్లు అంతకన్నా రాలేదు.

పుట్టింది కోరుట్లలో, బోర్డు పెట్టుకున్నది జగిత్యాలలో. బోర్డు మీద ‘ఇండ్ల ప్లాన్లు’ అని ఉంటుంది. కానీ ఇల్లు కట్టుకునేవాళ్ళు ప్లాను నా దగ్గర గీయించుకుని, వాస్తు చూసేవాడి దగ్గర దిద్దించుకుని, చివరికి మేస్త్రీకి తోచినట్టు కట్టించుకుంటారు. బడులకు ఆ బాధ లేదు. బడి తనది అనుకునేవాడు లేడు గనక గీసింది గీసినట్టు లేస్తుంది. అలా మెల్లగా బడుల పని నా నెత్తిన పడింది. పాత బడికి రెండు గదులు కలపడం, కురిసే కప్పు తీసి కురవని కప్పు వేయడం, మరుగుదొడ్లు, వంటగది. తరగతిలో గతి ఉంది, దాని పక్కనే గది ఉంది, గదిని బట్టే గతి అని నేను నమ్మేవాణ్ణి. వెలుతురు ఎడమ నుంచి రావాలి, రాసే చేతి నీడ కాగితం మీద పడకూడదు, గాలి ఒకవైపు వచ్చి మరోవైపు పోవాలి. నాకు తెలిసిన చదువుల శాస్త్రం అంతే.

అది కూడా అన్నిసార్లూ సాగలేదు. కోరుట్లలో ఒకాయన ప్రైవేటు బడి కడతానని వచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే చెప్పాడు.

“అన్నా, నడిస్తే బడి, నడువకపోతే ఫంక్షన్ హాలు. రెండిట్లకు పనికచ్చేటట్టు గియ్యి.”

“మరి బోర్డు ఎక్కడ పెడుదమే?” అన్నాను.

“స్టేజి ఉంటది గదనే. గా స్టేజి మీద పెట్టు.”

గీశాను. ఇప్పుడు ఆ హాల్లో చెక్కల అడ్డాలు పెట్టి ఐదు తరగతులు నడుపుతున్నారు. మూడో తరగతివాళ్ళు ఎక్కం చెబితే ఐదోవాళ్ళు తప్పు దిద్దుతారు. పెళ్ళిళ్ళ రోజుల్లో బడికి సెలవు. ఇదంతా నవ్వుతూ చెబుతాను గానీ, ఆ దారిన పోవాల్సి వస్తే బండి కొంచెం వేగంగానే పోనిస్తాను.

మల్యాలలో మరో రకం. కొండగట్టు కోతులకు ఆ చుట్టుపక్కల బడులంటే ప్రాణం. మధ్యాహ్న భోజనం గంట మనకంటే ముందు వాటికే వినిపిస్తుంది. అందుకని కిటికీలకే కాదు, వరండాకూ, మెట్లకూ ఇనుప జాలి బిగించాం. పని పూర్తయిన రోజు నేను ఆ జాలిని చూసుకుని మురుస్తుంటే, నాలుగో తరగతి పిల్ల ఒకతి వచ్చి పక్కన నిలబడింది.

“సార్, గీ జాలి మాకా, కోతులకా?”

బయట కోతులు వరుసగా కూర్చుని లోపలి పిల్లల్ని చూస్తున్నాయి.

సిరిసిల్ల బడి కథ ఇలా నవ్వుకునేది కాదు. అది నేత కార్మికుల వీధిలో ఉంది. వీధికి ఇటువైపు బడి, అటువైపు ఇళ్ళూ కార్ఖానాలూ కలిసిపోయి ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక రేకుల కార్ఖానా, అందులో వరుసగా సాంచాలు. మరమగ్గం అని మనం పుస్తకాల్లో రాసేదాన్ని అక్కడ సాంచ అంటారు. ఒక సాంచ నడిస్తే టకటకమంటుంది. వీధి మొత్తం నడిస్తే టకటకలు పోయి ఒకటే మోత మిగులుతుంది. మొదటిరోజు నేను బడి గేటు దగ్గర ఫోన్ మోగడం లేదేమిటా అనుకున్నాను. చేతిలో అదురుతోంది, వినిపించడం లేదు.

పాత గదుల కిటికీలన్నీ వీధివైపే. లెక్కలు చెప్పే మేడం గొంతు ఎప్పుడో పోయింది. వేడినీళ్ళ ఫ్లాస్కు, సుద్దముక్క, రెండు చేతులు, ఇవి ఆమె సామాను. ఆమె బోర్డు మీద రాసి, చేతులు తిప్పి, పెదాలు పెద్దగా కదిపి చెబుతుంటే పిల్లలు అర్థం చేసుకుంటున్నారు. సాంచాల మధ్య పెరిగిన పిల్లలు. ఇంట్లో తల్లీతండ్రీ మాట్లాడుకునేది సగం సైగలతోనే.

“గవర్నమెంటుల తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం అని రెండే ఉన్నయి సారూ,” అన్నాడు పెద్దసారు, అంటే హెడ్మాస్టరు. జగిత్యాల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే మనిషి. “మా తాన మూడోది నడుస్తున్నది. సైగల మీడియం.”

నవ్వాడు గానీ వెంటనే మానేశాడు.

“మాకు టైల్సు వద్దు, రంగులు వద్దు. గీ సప్పుడు ఇనవడకుంట ఒక్క రూము కట్టియ్యి. పదోతి పిల్లలను గండ్ల కూసోవెడ్త. గీ వాడల పదోతి దాటనోళ్ళు ఏమైతరో ఎర్కనే గద. పోరగాండ్లు సాంచ మీదికి, ఆడివిల్లలు కండెలు చుట్టనీకి.”

కండెలంటే సాంచలో పెట్టడానికి దారం చుట్టిన చిన్న పుల్లలు. ఆ వీధిలో ఆడవాళ్ళకు రెండు పనులు, కండెలు చుట్టడం, బీడీలు చేయడం. ఒకటి లేనప్పుడు మరొకటి.

నేను ఆ గదిని మనసు పెట్టి గీశాను. వీధివైపు గోడకు కిటికీ అన్నది పెట్టలేదు. రెండు వరుసల ఇటుక, మధ్యలో ఖాళీ, పైన కప్పుకింద మాత్రం చిన్న వెంటిలేటర్లు. కిటికీలన్నీ అవతల గ్రౌండు వైపు. గోడ లేస్తుంటే మేస్త్రీ దాని మందం జానతో కొలిచి చూసి, “ఇది బడా జైలా సారూ?” అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. పని చేసేటప్పుడు నాకు గోడ గోడే, ఎవరి గోడూ వినిపించదు.

గది బాగా వచ్చింది. మోత దుప్పటి కప్పుకుని విన్న వానలా తగ్గింది. కానీ గది నిండా పిల్లలు కూర్చుంటే ఉక్కకు వెంటిలేటర్లు తెరవక తప్పదు, తెరిస్తే సగం మోత తిరిగి వచ్చేస్తుంది. పెద్దసారు ఆలోచించి వీధిలోని ఆసామిని పిలిపించాడు. ఆసామి అంటే పెద్ద యజమాని దగ్గర నూలు తెచ్చుకుని, తన సాంచాల మీద కార్మికులతో నేయించే చిన్నపాటి మనిషి. ఆ వీధిలో ఎక్కువ సాంచాలు ఆయనవే, మిగతా ఆసాములు ఆయన మాట వింటారు.

“పొద్దుగాల లెక్కల పీరియడ్ ఒక్కటి. గా గంటసేపు ఆపుతవానే?” అని అడిగాడు పెద్దసారు.

“ఆపుత సార్. నేను పదోతి తప్పిన. సప్పుడుకు ఇనవడక తప్పిన అని మా బాపుకు చెప్పిన. గిప్పుడు గీ పోరగాండ్లు గదే మాట చెప్పకుంట చేద్దం.”

“మరి పనోళ్ళు ఏమంటరు? బట్ట నేస్తేనే గద ఆళ్ళకు.”

“ఆళ్ళ పిల్లలే గద సార్ లోపల ఉన్నది. ఒప్పుకుంటరు.”

ఒప్పుకున్నారు. వచ్చే సోమవారం నుంచి అనుకున్నారు. ఆసామి మంచి మనిషి. మంచి పని వాయిదా ఎందుకని ఆ శుక్రవారమే మొదలుపెట్టించాడు.

ఆ శుక్రవారం నేను అక్కడే ఉన్నాను. గదిలో ఓ మూల గోడ పూత, అదే గిలాబు, పగిలిందంటే చూడ్డానికి వచ్చి, పాఠం మధ్యలో కదలడం ఎందుకని వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. మేడం బోర్డు మీద రాస్తూ అలవాటైన గొంతుతో అరుస్తోంది. మొదట దూరంగా ఒక కార్ఖానా ఆగింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ. మేడం అరుపు ఒక్కటే గదిలో మిగిలింది. తను అంత గట్టిగా అరుస్తున్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది, మాట మధ్యలో నోటి మీద చేయి పెట్టుకుంది.

నా గుండె నిండింది. గీసినదానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ నిశ్శబ్దంలో సుద్దముక్క రాలిన చప్పుడు కూడా విన్నాను.

పిల్లలందరూ ఒకేసారి తలెత్తి ఫ్యాను వైపు చూశారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అది చూడగానే వాళ్ళ ముఖాలు మారిపోయాయి. రెండో వరుసలో కూర్చున్న ఒక పిల్ల కంపాస్ పెట్టె మూసి, సంచీలో పెట్టుకుని, ఎవరినీ అడగకుండా లేచి బయటికి వెళ్ళిపోయింది. నడక కాదు, పరుగూ కాదు. మిగతావాళ్ళు లేచి కిటికీల దగ్గరికి వెళ్ళారు, కానీ ఆ కిటికీల్లోంచి గ్రౌండు తప్ప ఏమీ కనపడదు. అలా గీసింది నేనే. వాళ్ళు తలుపు దగ్గర గుమిగూడారు.

నేను గేటు బయటికి వచ్చేసరికి వీధిలో ఆడవాళ్ళు. ఒకామె కొంగులో బీడీ ఆకు, మరొకామె చేతికి పిండి.

“ఎవలే? ఎవలు పోయిండ్రు?”

“ఏమో అక్కా, మా వరుసలనైతే అందరున్నరు.”

“గా మూలింటి ముసలాయనకు నిన్నటిసంది మంచిగ లేదు గద.”

“నేను గిక్కడ్నే ఉన్న,” అన్నాడు ఓ ముసలాయన అరుగు మీద నుంచి. “బతికుండంగనే నన్నెందుకు సంపుతున్నరే?”

అప్పుడు తెలిసింది నాకు. ఆ వీధిలో ఎవరైనా పోతే పాడె లేచేదాకా సాంచాలన్నీ ఆపేస్తారు. కరెంటు పోయినా ఆగుతాయి, కానీ అప్పుడు ఫ్యాన్లు కూడా ఆగుతాయి. అందుకే పిల్లలు ముందు ఫ్యాను చూస్తారు. ఫ్యాను తిరుగుతూ సాంచాలు ఆగాయంటే ఎవరో పోయారు. ఎవరి ఇల్లో తెలియడానికి ఇంకాసేపు పడుతుంది. ఆ కాసేపూ అందరి ఇల్లూ అదే.

ఆసామి పరుగెత్తుకుంటూ వచ్చాడు, తల పట్టుకుని.

“కార్ఖానలల్ల అందరికి చెప్పిన సార్. ఇండ్లల్ల చెప్పాలన్న సోయి లేకపాయె.”

ఆ పిల్ల వీధి అవతల, బడికి ఎదురుగానే ఉన్న చిన్న ఇంటి ముందు నిలబడి ఉంది. తలుపుకు తాళం వేసి ఉంది. పిల్ల తాళాన్ని పట్టుకుని అలాగే నిలబడింది. సాంచాలు ఆగాయి కదా కాస్త నడుం వాలుద్దామని కార్ఖానాలోంచి తల్లి వస్తోంది. కండెలు చుట్టే మనిషి. ఆమెకు సంగతి తెలుసు కాబట్టి నింపాదిగా వస్తోంది.

“ఏందే, బడి ఇడిచిపెట్టి అచ్చినవ్?”

తల్లి దగ్గరికి వచ్చాక పిల్ల ఆమె భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచింది. తర్వాత గడప మీద కూర్చుండిపోయింది.

పెద్దసారు నాకు తర్వాత చెప్పాడు. రెండేళ్ళ కిందట పని దొరకని రోజుల్లో ఆ పిల్ల తండ్రి, ఒక పగటిపూట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. తనూ సాంచ నడిపేవాడే. పిల్ల అప్పుడు పాత గదిలో ఉంది. సాంచాలు ఆగాయి. పిల్లలందరూ ఫ్యాను చూశారు. కిటికీలోంచి చూస్తే జనం ఈ ఇంటివైపే పోతున్నారు.

“పిల్ల చదువుతది సారూ. లెక్కలొక్కటే జెర ఎనుకకు,” అన్నాడు. “గీ పదోతి గట్టెక్కితే ఇంటర్ల చేర్పిస్త, ఏదన్న హాస్టల్ల సీటు చూస్త. గట్టెక్కకపోతే గా తల్లెంబడి కండెలు చుట్టుడే. ఆమె గూడ గదే అన్నది. ఒక్కపారి రాపిచ్చి చూస్త అన్నది.”

ఆ మధ్యాహ్నం పెద్దసారు గదిలో ఆసామి, నేను కూర్చున్నాం. పిల్లను పిలిపించారు. ఇకనుంచి సాంచాలు ఆగితే భయపడొద్దనీ, అది చదువు కోసమేననీ పెద్దసారు మెల్లగా చెప్పాడు. పిల్ల తలూపింది.

“మరి రేపు కూసుంటవా బిడ్డా?”

“కూసుంట సార్. కని ఒక్కటన్న నడువనియ్యుండ్రి.”

“ఏంది, సాంచనా?”

“ఆ. ఒక్కటి నడుస్తే ఎవలేం కాలేదని ఎర్కైతది.”

ఆసామి ఆ పిల్ల ముఖం చూడలేక తన చేతులు చూసుకున్నాడు. “నడిపిస్త బిడ్డా,” అన్నాడు.

ఆ తర్వాత లెక్కల పీరియడ్‌లో వీధి మొత్తం ఆగి, ఒక్క సాంచ నడిచేది. మూలింటి ముసలాయనే దాని దగ్గర నిలబడేవాడట, ఎలాగూ బతికే ఉన్నాను కదా అని. ఆ టకటకలో మేడం మామూలు గొంతుతో పాఠం చెప్పింది. ఆమె గొంతు నేను మొదటిసారి విన్నది అప్పుడే. సన్నటి, కాస్త పాడే గొంతు. నేను వేరే పనుల మీద సిరిసిల్ల పోయినప్పుడల్లా ఏదో వంకతో ఆ బడికి వెళ్ళేవాణ్ణి. గిలాబు ఎన్నిసార్లు చూసినా మళ్ళీ పగలడం లేదు.

చలికాలం పోకముందే సాంచాలకు పని తగ్గింది. యజమానుల దగ్గర నూలు లేదన్నారు, బట్ట కొనేవాళ్ళు లేరన్నారు. ముందు ఒక పూట నడిపారు, తర్వాత రోజు విడిచి రోజు. తర్వాత ఆసామి సాంచాలు అమ్మేశాడు. కొనుక్కుని నడిపేవాళ్ళెవరూ రాలేదు. తుక్కు కొనేవాళ్ళు వచ్చారు. సమ్మెటలతో కొట్టి ముక్కలు చేసి ట్రాలీలో వేసుకుపోయారు. ఆ చప్పుడే ఆ వీధిలో చివరి చప్పుడని పెద్దసారు చెప్పాడు. పనివాళ్ళలో కొందరు మగ్గాల పని వెతుక్కుంటూ భీవండి పోయారు, కొందరు ఆటోలు పట్టారు. ఆ పిల్ల తల్లి కండెలు మానేసి బీడీల చాట పట్టుకుంది.

పరీక్షలకు ఇంకా కొన్నాళ్ళుందనగా పెద్దసారు ఫోన్ చేశాడు.

“సారూ, సప్పుడు కావాలె.”

“ఏం సప్పుడు?”

“ఏదన్న. గా పిల్ల కూసుంటలేదు. పీరియడ్ నడుమ లేచి పోతది. ఇంటికి పోయి తల్లిని చూసి అస్తది. అరగంటకు మళ్ళ పోతది. అడ్డం పోతే చెయ్యి ఇడిపిచ్చుకొని పోతది. సగం లెక్క ఇంటది, సగం బాటలనే పాయె.”

చప్పుడు తగ్గించడం మీద నేను చాలా గీశాను. చప్పుడు పెట్టడం ఎవరూ నేర్పలేదు. బడి ఆఫీసులో కరకరమనే పాత ఫ్యానును తెచ్చి పదో తరగతి గదిలో బిగించమన్నాను. అది తిరుగుతుంటే ఎద్దులబండి పోతున్నట్టే ఉంది. పిల్లలు నవ్వారట. ఆ పిల్ల కూడా కొంచెం నవ్వి, “ఫ్యాను సప్పుడు ఫ్యానుదే గద సార్,” అని, లేచి ఇంటికి వెళ్ళి చూసి వచ్చిందట.

నేను వెళ్ళాను. ఇంటర్వెల్‌లో పిల్ల వరండా మెట్ల మీద, గేటుకు ఎదురుగా కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఏం అడగాలో తెలియక, అలవాటు ప్రకారం గది గురించి అడిగాను.

“రూము ఎట్లున్నది బిడ్డా?”

“మంచిగున్నది సార్.”

“మరి?”

“గండ్ల కూసుంటే ఏం ఎర్కైతలేదు. ఇదివరకు సాంచాలు నడిచినన్ని రోజులు ఏం కాలేదన్నట్టే ఉండె. గిప్పుడు ఏమన్నయినా గూడ గిట్లనే ఉంటది గద.” గోడవైపు చూసింది. “బాపు పోయినప్పుడు గూడ మాకు పని లేదు సార్. గిప్పుడు గూడ లేదు.”

ఆ పిల్ల భయం చచ్చిపోయినవాడి గురించి కాదు. బీడీల చాట ముందు ఒంటరిగా కూర్చున్న తల్లి గురించి.

“నీకేం కావాలె బిడ్డా?”

“మా అమ్మ కనవడాలె.”

మేస్త్రీని పిలిచాను. అదే మేస్త్రీ. వీధివైపు గోడకు కిటికీ పెట్టాలని చెబితే నా ముఖం వంకే చూశాడు.

“నువ్వే కట్టిపిస్తివి, నువ్వే పొక్క గొట్టమంటివి.”

“కొట్టరాదె అన్నా, ఏమనకు.”

కూర్చున్న పిల్లల చూపు బయటికి పోకుండా కిటికీ అడుగును ఎత్తులో పెట్టడం మా పద్ధతి. మాకు పుస్తకాల్లో చెప్పేదీ అదే. ఈసారి ఆ పిల్లను తన చోట కూర్చోబెట్టి, ఆమె కళ్ళకు తిన్నగా గోడ మీద సుద్దతో గీత గీశాను. అంత మందం గోడ కట్టించినందుకు మేస్త్రీ రెండు రోజులూ నన్ను తిడుతూనే గోడ కొట్టాడు. ఇటుకలు రాలి వెలుతురు వచ్చింది. వీధి కనపడింది. తాళాలు వేసిన కార్ఖానాలు, వాటి మధ్య ఒక గడప, గడప మీద చాట ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్ల తల్లి.

ఆ రోజు నుంచి పిల్ల లేవలేదని మేడం చెప్పింది. రాస్తుంది, ఒకసారి తలెత్తి చూస్తుంది, మళ్ళీ రాస్తుంది.

ఇక్కడితో ఆపితే నాకు బాగుండేది. కానీ పరీక్ష మా గదిలో పెట్టరు. సెంటర్ ఊరి అవతల వేరే బడిలో పడింది. నేను గీసింది కాదు గానీ, నేను గీసినా అలాగే గీసేవాణ్ణి. ఎత్తు కిటికీలు, పొడవాటి వరండా, సూది పడితే వినపడే నిశ్శబ్దం. తల్లి రోజూ పిల్లతో వెళ్ళి గేటు దగ్గర నిలబడేది. కానిస్టేబుల్ అక్కడ నిలబడొద్దని రోడ్డు అవతలికి పంపేవాడు. తెలుగు రాసింది, హిందీ రాసింది, ఇంగ్లీషు రాసింది. లెక్కల రోజున సగంలో పేపరు ఇచ్చేసి బయటికి వచ్చింది. రోడ్డు అవతల తల్లి ఉంది. ఉందని చూసుకున్నాక లోపలికి మళ్ళీ పోనివ్వరు కదా.

ఫలితాలొచ్చాయి. లెక్కలు ఒక్కటే పోయింది.

పెద్దసారు ఊరుకోలేదు. సప్లిమెంటరీకి ఫీజు కట్టి, సెలవుల్లోనూ పొద్దున పూట ఆ ఒక్క గది తెరిపిస్తున్నాడు. మేడం ఎండలో బస్సెక్కి వచ్చి పోతోంది. తల్లిని కూడా ఒప్పించాడు, అయితే ఈ ఒక్కసారికే. జూన్‌లో పరీక్ష. సెంటర్ ఎక్కడ పడుతుందో ఇంకా తెలియదు. ఆ గదిలో పిల్లను ఏ కిటికీ పక్కన కూర్చోబెడతారో నాకు తెలిసే వీలూ లేదు. ఆ మాట అంటే, “లోపట కూసునుడు అలవాటు చేస్తున్న సారూ, రోజూ జెరంత సేపు కిటికి మూసి,” అన్నాడు పెద్దసారు. “ఇయ్యాల్ల మూస్తే ఓర్చుకున్నది. రేపు ఏమైతదో.”

పోయినవారం వెళ్ళాను. మధ్యాహ్నం కావస్తోంది. గదిలో పిల్ల ఒక్కతే, మేడం పక్కన కుర్చీలో. కిటికీ తెరిచే ఉంది. బయట వీధిలో మనుషులు లేరు. గోడల నీడలు కార్ఖానా రేకుల కిందికి జరిగిపోయాయి. పొద్దున నీడలో ఉండే గడప ఇప్పుడు పూర్తిగా ఎండలో ఉంది. తల్లి దాని మీదే కూర్చుని బీడీలు చుడుతోంది. తలమీద తడి గుడ్డ వేసుకుంది. రెండడుగులు పక్కకు జరిగితే నీడ ఉంది.

నేను వీధి దాటి వెళ్ళాను.

“నీడకు కూసోరాదె అక్కా, గింత ఎండల.”

“గాడ కూసుంటే నా బిడ్డకు కనవడ సారూ,” అంది తలెత్తకుండా. “ఒకపారి కూసున్న. ఉరికచ్చింది.”

నేను జేబులోంచి టేపు తీశాను. గడప పైన గోడకు ఒక కొస పట్టి, రెండో కొస ముందుకు లాగాను. ఆమె చేతులు ఆగలేదు గానీ కళ్ళెత్తి చూసింది.

“ఏం కొలుస్తున్నవ్ సారూ? దీనికి గూడ పొక్క గొడ్తరా?”

“లేదక్కా. నీ నెత్తి మీదికి ఒక రేకు ఏద్దామని.”

“కిందికి ఏస్తే కనవడ.”

“మీదికే ఏస్త,” అన్నాను.

ఆమె కాస్త వంగి, నా టేపు కింద నుంచి బడి కిటికీ వైపు చూసింది. అవతల పిల్ల తలెత్తింది, ఇటు చూసింది, మళ్ళీ వంచింది.

“ఇంకింత మీదికి,” అంది ఆమె.